రాయబారి వెనుకనున్న కచేరి

పెనుకొండలో రెండు కాలములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఒకవైపున విజయనగర ప్రభువుల కోటగోడలు, గగనమహలు. 1565లో రక్కసి-తంగడి యుద్ధము ముగిసిన పిమ్మట సామ్రాజ్యమునకు రాజధానియైన ఊరది. మరియొకవైపున ఎఱ్ఱమంచి వద్ద కొరియా దేశపు కియా సంస్థ కట్టిన మోటారుకార్ల కర్మాగారము. ఆ సంస్థకును రాష్ట్ర ప్రభుత్వమునకును 2017లో ఒడంబడిక జరిగినది. 2019లో కార్లు బయటికి వచ్చినవి. కార్లకంటె ముందుగా కొరియా ఇంజనీరులు ఈ ప్రాంతమునకు వచ్చిరి.

ఇది మన సీమకు వచ్చినవారి సంగతి. మన సీమనుండి వెడలినవారి సంగతి మరియొకటి. కడప, రాజంపేట, రాయచోటి, కదిరి ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై కువైటు మొదలైన గల్ఫు దేశములకు పోయినవారు వేలకొలది కలరు. ఇండ్లలో వంటపని, పిల్లల పోషణ, డ్రైవరు పని, కట్టడపు పని వారికి జీవనాధారములు. పెనుకొండలోని కొరియా ఇంజనీరునకు ఏదైన ఆపద వాటిల్లినచో, చెన్నపట్టణమునందున్న ఆ దేశపు కాన్సలేటు అతని పక్షమున మాటాడును. కువైటులో ఒక యింట పనిచేయు మన చిలమత్తూరు స్త్రీకి ఆపద వాటిల్లినచో ఎవరు మాటాడవలెను? ఏ అధికారముతో మాటాడవలెను? ఆమె మొర ఏ మేజామీదికి పోయి చేరును? విదేశాంగశాఖ నిర్మాణమును తెలిసికొనుటకు ఇంతకంటె మంచి త్రోవ నాకు తోచలేదు. ఈ ప్రశ్నను చేతబట్టుకొని ఆ కచేరి మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కి చూతము.

చిలమత్తూరు రెండు రాష్ట్రముల పొలిమేరలోని ఊరు. కొడికొండ దాటినచో కర్ణాటకము. బాగేపల్లి ఎంతో దూరము లేదు. అక్కడను తెలుగే వినబడును. ఈ పొలిమేర దాటుటకు రాయబారితో పనిలేదు, పాస్‌పోర్టుతో పనిలేదు. ఇరువైపులను ఒకే రాజ్యాంగము, ఒకే సర్వోన్నత న్యాయస్థానము. కాని సముద్రము దాటిన తోడనే మన చట్టము, మన పోలీసు, మన న్యాయస్థానము వెనుకనే నిలిచిపోవును. అక్కడ మనకు మిగులునది మన దేశము మాట ఒక్కటే. ఆ మాట పలుకు అధికారమును రాజ్యాంగము కేంద్రమునకే ఇచ్చినది. ఏడవ అనుబంధములోని కేంద్ర జాబితాలో 10వ అంశము విదేశ వ్యవహారములు. 11వది రాయబార, కాన్సలు, వాణిజ్య ప్రాతినిధ్యము. 14వది విదేశములతో సంధులు. కనుక జిల్లా కలెక్టరుగారు గాని, ముఖ్యమంత్రిగారు గాని ఇతర దేశ ప్రభుత్వమును నేరుగా అడిగి పౌరుని విడిపింపజాలరు. వారి జాబు ముందుగా ఢిల్లీకి పోవలెను.

రాయబారము మనవారికి క్రొత్త విద్య కాదు. విజయనగర సామ్రాజ్యములో నాయకులు తమ తమ సీమలను పాలించుచు, రాజధానియందు తమ పక్షమున స్థానాపతులను నిలిపెడివారు. ప్రభువు మనసు కనిపెట్టుట, సమయమెరిగి విన్నవించుట, జరిగినదానిని యజమానునకు తెలియజేయుట వారి పని. పరదేశములనుండియు రాయబారులు వచ్చిరి. 1443లో హీరాతు ప్రభువైన షారుఖ్ పంపగా అబ్దుర్ రజాక్ విజయనగరమునకు వచ్చెను. ఆతడు వ్రాసియుంచిన వృత్తాంతము నేటికిని చరిత్రకారులకు ఆధారము. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిని చెప్పుచు, గాలివాన వలననో రోగము వలననో మన రేవులలో దిగిన పరదేశపు నావికులను ఆదరింపవలెనని బోధించెను. నేడు కాన్సలు ధర్మమని మనము చెప్పుకొనుదానికి దగ్గరగా వచ్చిన భావమిది. అయితే ఆనాడు రేవులో దిగిన నావికునకు ప్రభువు దయయే దిక్కు. నేడు దయ ఉన్నను లేకున్నను పాటింపవలసిన నియమములు ఏర్పడినవి. ఆ నియమములను అమలుపరచుటకే ఇంత పెద్ద కచేరి పుట్టినది.

మన విదేశాంగశాఖకు పూర్వరూపము ఈస్టిండియా కంపెనీ కాలమునాటిది. 1783 సెప్టెంబరులో కలకత్తాలో రహస్య, రాజకీయ వ్యవహారముల నిర్వహణమునకు తోడుగా ఒక విదేశ విభాగము నేర్పరచుటకు తీర్మానము జరిగినది. 1935 నాటి చట్టము ఫలితముగా విదేశ వ్యవహారములు, సంస్థానముల వ్యవహారములు వేరుపడినవి. 1946 సెప్టెంబరులో తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడినపుడు నెహ్రూగారు విదేశాంగ బాధ్యతను స్వీకరించిరి. 1964లో మరణించువరకు దానిని తమ చేతనే ఉంచుకొనిరి. 1946 అక్టోబరు 9వ తేదీన భారత విదేశాంగ సర్వీసు ఏర్పడినది.

కాని అంతకు ముందే మన తెలుగువారొకరు సముద్రముదాటి మనవారి పక్షమున మాటాడియున్నారు. 1860 మొదలు దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకు మద్రాసు రేవునుండి ఒప్పందపు కూలీలు పోయిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. 1927 నాటి కేప్‌టౌను ఒడంబడిక పిమ్మట, అక్కడి భారతీయుల కష్టసుఖములను విచారించుటకు భారత ప్రభుత్వపు ఏజెంటు పదవి ఏర్పడినది. మొదటివారు వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు. 1929 నుండి 1932 వరకు ఆ పదవిని నిర్వహించినవారు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. పరాధీన దేశపు ఏజెంటు విన్నవింపగలడే కాని, సమానుడై నిలిచి అడుగజాలడు. తరువాత 1947లో వి.వి. గిరిగారు సింహళమునకు హైకమిషనరుగా వెళ్లిరి. అప్పటికి మనకు స్వాతంత్ర్యము వచ్చినది. అయినను 1948లో ఆ దేశము చేసిన పౌరసత్వ చట్టము వలన తోటలలో పనిచేయు లక్షలాది భారత సంతతివారు ఏ దేశమునకును చెందనివారైరి. ఆ చిక్కు విడివడుటకు దశాబ్దములు పట్టినది. మన రాయబార వ్యవస్థకు కూలివాని మొర ఒక తొలి కారణమని ఈ రెండు ఉదాహరణములు తెలుపుచున్నవి. స్వాతంత్ర్యము అడుగు హక్కును ఇచ్చునే కాని అడిగినదెల్ల ఇప్పింపదనియు తెలుపుచున్నవి.

ఇక నేటి కచేరిలోనికి పోదము. పైన మంత్రి, ఆయన పార్లమెంటునకు జవాబుదారి. తెలుగువారిలో పి.వి. నరసింహారావుగారు 1980 నుండి 1984 వరకును, మరల 1988, 1989 సంవత్సరములలోను విదేశాంగ మంత్రిగా ఉండిరి. మంత్రికి తోడుగా సహాయ మంత్రులు. ఉద్యోగులలో అగ్రస్థానము విదేశాంగ కార్యదర్శిది. స్వతంత్ర భారతములో తొలుత ఆ పదవి వహించినవారు కె.పి.ఎస్. మీనన్. ఆయన క్రింద గాక, ప్రక్కన మరికొందరు కార్యదర్శులుందురు. తూర్పు దేశములకొకరు, పశ్చిమ దేశములకొకరు, ఆర్థిక సంబంధములకొకరు, కాన్సలు, పాస్‌పోర్టు, వీసా, ప్రవాస భారతీయుల వ్యవహారములకొకరు. 2004లో ప్రవాస భారతీయులకై ప్రత్యేకముగా ఒక మంత్రిత్వశాఖ నేర్పరచిరి. 2016లో దానిని తిరిగి విదేశాంగశాఖలో కలిపిరి.

కార్యదర్శుల క్రింద విభాగములు కలవు. ఒక్కొక్కదానికి సాధారణముగా ఒక సంయుక్త కార్యదర్శి పెద్ద. ఈ ఏర్పాటును అర్థము చేసికొనుటకు ధర్మవరము మగ్గమును తలచుకొన్న చాలును. నిలువు దారములు పడుగు, అడ్డుదారములు పేక. దేశములనుబట్టి ఏర్పడిన విభాగములు పడుగు వంటివి: గల్ఫు విభాగము, తూర్పు ఆసియా విభాగము, అమెరికా విభాగము మొదలైనవి. ఆ దేశములతో మనకుగల సమస్త సంబంధములును ఆ మేజామీద నుండును. పనులనుబట్టి ఏర్పడిన విభాగములు పేక వంటివి: సంధులను పరిశీలించు న్యాయ విభాగము, పరదేశపు అతిథుల మర్యాదలను చూచు ప్రోటోకాల్ విభాగము, ఐక్యరాజ్యసమితి విభాగము, ప్రచార విభాగము, కాన్సలు విభాగము. ఏ వ్యవహారమైనను ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసినచోటనే తెగును. కువైటులోని స్త్రీ అర్జీ గల్ఫు విభాగమునకు చెందినది, కాన్సలు విభాగమునకును చెందినది. ఇద్దరికి చెందిన పని ఎవరిదియు కాకుండ పోకుండ చూచుటయే పాలనలోని నేర్పు.

విదేశాంగశాఖ అన్ని పనులను తానే చేయదు. హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టునకు గూళ్లు తెచ్చు రైతును తీసికొందము. చైనానుండి చౌక ముడిపట్టు వచ్చిపడినచో ఇక్కడ గూళ్ల ధర క్రుంగును. 2003లో చైనా మల్బరీ ముడిపట్టుపై మన ప్రభుత్వము ప్రత్యేక సుంకమును విధించినది. విచారణ వాణిజ్యశాఖది, సుంకపు ఉత్తరువు ఆర్థికశాఖది. కాని అవతలి దేశపు ధరలు, విధానములు ఎట్లున్నవో కనిపెట్టి తెలుపుటకు, మన నిర్ణయమును వారికి వివరించుటకు, ఒక వస్తువు మీది తగవు తక్కిన సంబంధములను చెరుపకుండ కాచుటకు బీజింగులో మన రాయబార కార్యాలయము ఉండవలెను. మల్బరీ తోటకు నీరుపెట్టు రైతునకు ఈ కార్యాలయముతో తనకు పనిలేదని తోచవచ్చును. కాని అతని గంపలోని గూళ్ల ధరకు దానితో పనియున్నది.

రాయబారిని పంపుటకు ఒక పద్ధతి కలదు. ముందుగా ఆ వ్యక్తి పేరును అవతలి ప్రభుత్వమునకు గోప్యముగా తెలిపి సమ్మతి పొందవలెను. సమ్మతింపనిచో వారు కారణము చెప్పనక్కరలేదు. సమ్మతి వచ్చిన తరువాత మన రాష్ట్రపతి సంతకముతో అధికారపత్రములు సిద్ధమగును. రాయబారి వాటిని అవతలి రాజ్యాధినేతకు సమర్పించును. 1977 నుండి 1982 వరకు ఆ సంతకము అనంతపురము జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారిది. కామన్వెల్తు దేశములలో మన ప్రతినిధికి హైకమిషనరని పేరు; పని ఒక్కటే. రాయబారి సర్వీసులోనివాడే కానక్కరలేదు. ఆచార్య రాధాకృష్ణగారు 1949 నుండి 1952 వరకు సోవియట్ యూనియనులో మన రాయబారిగా ఉండిరి. ఈ పద్ధతులన్నియు 1961 నాటి వియన్నా ఒడంబడికలో కూర్పబడినవి. 1965లో మన దేశము అందు చేరినది.

రాయబార కార్యాలయములో రాజకీయ విషయములను చూచువారు, వాణిజ్యము చూచువారు, పత్రికా సంబంధములను చూచువారు, సైనిక ప్రతినిధులు వేరువేరుగా నుందురు. కాన్సలు అధికారి పాస్‌పోర్టులు, వీసాలు, జనన మరణ నమోదులు, ఖైదీల విచారణ చూచును. పెద్ద దేశములలో రాజధానికి దూరముగానున్న నగరములలో కాన్సలేటులు వేరుగా నుండును. వీరిలో కొందరు పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షలో నెగ్గి, శిక్షణ పొంది, ఒక విదేశభాషను నేర్చి వచ్చినవారు, కొందరు గుమాస్తాలు, కొందరు ఆ దేశములోనే నియమింపబడిన దుబాసీలు. 1949లో సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మగారు. పెండ్లి చేసికొనుటకు స్త్రీ అధికారి ప్రభుత్వపు అనుమతి పొందవలెనను నియమము ఆనాడుండెను. ఆమె సర్వోన్నత న్యాయస్థానమున వేసిన దావాలో 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యరు ఇట్టి నియమములను తీవ్రముగా విమర్శించిరి.

ఇక మన చిలమత్తూరు స్త్రీ వద్దకు వత్తము. ఆమె పదవతరగతి దాటనిది, వయసు ముప్పది దాటినది అనుకొందము. ఆమె పాస్‌పోర్టులో వలస తనిఖీ అవసరమని గురుతుండును. 1983 నాటి వలస చట్టము ప్రకారము, కువైటు మొదలైన పదునెనిమిది దేశములకు పనికై పోవుటకు ఆమె వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆమెను పంపు ఏజెంటు నమోదైనవాడై యుండవలెను. యజమాని పేరు, జీతము గల ఒప్పందము ఉండవలెను. ప్రమాద మరణమునకు పది లక్షల రూపాయల బీమా ఉండవలెను. ఇట్లు పోయినచో ఆమె పేరు మన ప్రభుత్వపు లెక్కలలో నుండును. కాని ఊరి దళారి ఒకడు ఈ తనిఖీలెందుకని చెప్పి, చుట్టపుచూపు వీసామీద పంపినచో, ఆమె ఎవరి లెక్కలలోను లేనిదగును. ఆపద వచ్చినపుడు ఆమె ఎక్కడ, ఎవరి యింటనున్నదో కనుగొనుటయే మొదటి కష్టమగును.

జీతము ఇయ్యక, పాస్‌పోర్టు తీసికొని, ఇంటికి పంపని యజమాని ఆమెకు తటస్థించినాడనుకొందము. ఆమె ఎట్లో మన రాయబార కార్యాలయపు ద్వారమునకు చేరవలెను. కువైటులోని కార్యాలయము ఇట్టి స్త్రీలకు ఆశ్రయగృహమును నడపుచున్నది. అధికారి ఆమె మాట విని, యజమానితోను, ఆ దేశపు కార్మికశాఖతోను మాటాడును. పాస్‌పోర్టు దొరకనిచో ఒక్క ప్రయాణమునకు చెల్లు అత్యవసర పత్రమును వ్రాసియిచ్చును. టిక్కెట్టు కొనలేనిచో 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమనిధినుండి ఖర్చు పెట్టవచ్చును. ఇక్కడ ఆమె కుటుంబమువారు కలెక్టరుగారికి అర్జీ ఇయ్యవచ్చును. 2015లో మొదలైన మదద్ అను ఏర్పాటు ద్వారా నేరుగా విదేశాంగశాఖకు తెలుపుకొనవచ్చును. అర్జీకి ఒక సంఖ్య పడును. సంఖ్య పడిన అర్జీని గూర్చి అడుగవచ్చును. అడిగినవారికి బదులు చెప్పక తప్పదు.

అధికారి చేయలేని పనులును కలవు. ఆతడు పరుల యింటిలో చొరబడి ఆమెను తీసికొనిరాజాలడు. ఆ దేశపు పోలీసును, న్యాయమూర్తిని ఆజ్ఞాపింపజాలడు. నేరము మోపబడినయెడల విడిపింపజాలడు. కాని నిర్బంధములోనున్న మన పౌరుని చూచుటకు, మాటాడుటకు, న్యాయవాదిని ఏర్పరచుటకు 1963 నాటి వియన్నా కాన్సలు ఒడంబడికలోని 36వ అధికరణము అతనికి హక్కు ఇచ్చుచున్నది. కులభూషణ్ జాదవ్ వ్యవహారములో పాకిస్తాను ఈ అధికరణమును ఉల్లంఘించినదని 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానము తీర్పుచెప్పినది. మరణశిక్ష పడిన ఖైదీకైనను, జీతము రాని పనిమనిషికైనను తలుపు తెరచునది ఈ కాన్సలు ధర్మమే.

ఈ వ్యవస్థ యావత్తు ఒక్కసారి పరీక్షకు నిలిచినది 1990లో. ఆ యేడు ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినవి. లక్షలాది భారతీయులు చిక్కుబడిరి. మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాదుకు పోయి సద్దాం హుస్సేనుతో మాటాడిరి. ఢిల్లీలో గల్ఫు విభాగమునకు సంయుక్త కార్యదర్శియైన కె.పి. ఫేబియన్ ఏర్పాట్లను నడపిరి. కువైటులోని మన కార్యాలయము బస్రాకు తరలినది. జనులు ఎడారిదారుల వెంట జోర్డానులోని అమ్మానుకు చేరగా, ఎయిరిండియా విమానములు 488 ప్రయాణములలో ఇంచుమించు 1,70,000 మందిని స్వదేశమునకు తెచ్చినవి. అర్జీవలె ఒక్కొక్కటిగా నడచు పనియే ఆనాడు లక్షల సంఖ్యలో నడచినది. మంత్రి మాట, ఢిల్లీలోని మేజా, రాయబార కార్యాలయములోని గుమాస్తా, విమాన చోదకుడు: వీరిలో ఏ ఒక్కరు తప్పినను ఆ పని నెరవేరియుండదు.

ఇంత బాధ్యతగల సర్వీసు ఎంత పెద్దది? విదేశములలో మన కార్యాలయములు సుమారు రెండువందలు. విదేశాంగ సర్వీసు అధికారులు సుమారు వేయిమంది. దేశము పరిమాణమునకు ఈ సంఖ్య చాలదని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘము తెలిపినది. ఈ కొరత ప్రభావము విందులలో కనబడదు. అర్జీ పట్టుకొని నిలిచినవారి వరుసలో కనబడును. వినువాడొక్కడై, చెప్పుకొనువారు నూరుమందియైనపుడు నియమము పుస్తకములోనే మిగిలిపోవును. కావున మన పార్లమెంటు సభ్యులను రోడ్లను గూర్చియు, నీటిని గూర్చియు అడుగునట్లే దీనిని గూర్చియు అడుగుట మన విధి.

మనకు చేతనైన పని మరియొకటి ఉన్నది. మన యిరుగుపొరుగువారెవరైన గల్ఫునకు బయలుదేరుచున్నారని తెలిసినపుడు మూడు మాటలు అడుగుదము: ఏజెంటు నమోదైనవాడేనా? వీసా పనికి ఇచ్చినదేనా? పాస్‌పోర్టు నకలు, ఒప్పందపు నకలు, రాయబార కార్యాలయపు టెలిఫోను సంఖ్య ఇంటిలో వ్రాసిపెట్టినారా? ఈ మూడింటికి సరియైన బదులు దొరకినచో, చిలమత్తూరు ఇంటి గడపనుండి కువైటులోని ఆ కార్యాలయపు తలుపు వరకు ఒక త్రోవ పడినట్లే. పెనుకొండకు వచ్చిన కొరియా ఇంజనీరు ఆ త్రోవను తన దేశము ఏర్పరచునని నమ్మి వచ్చినాడు. మన ఊరినుండి పోవు స్త్రీకిని ఆ నమ్మకము ఉండవలెను. ఆ నమ్మకమును నిలుపుటకే రాయబారి వెనుక అంత కచేరి ఉన్నది.